తిండికొక దిర్హమ్, గొడ్డలికొక దిర్హమ్

ఇటీవల కొన్నేళ్లుగా మమ్మల్ని కలవడానికి వచ్చే తల్లిదండ్రులు పిల్లల చదువు గురించి అడిగినంతగా తమ పని గురించి కూడా అడుగుతున్నారు. అడిగేవారిలో ఎక్కువమంది నలభై దాటినవారు. చేతిలో పని ఉన్నవారే, కాని ఆ పనికి గిరాకీ పోయినవారు. "హజ్రత్, సర్కారువాళ్లు ట్రైనింగ్ ఇస్తున్నారట, వెళ్లమంటారా? నేను పదిహేను రోజులు అక్కడ కూర్చుంటే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది?" అని అడుగుతారు. ఇందులో ప్రశ్నలు రెండున్నాయి. మొదటిదానికి జవాబు చెప్పడానికి కరపత్రాలున్నాయి, కార్యాలయాలున్నాయి, మంత్రుల ప్రసంగాలున్నాయి. రెండవదానికి జవాబు చెప్పేవారు చాలా తక్కువ. అందుచేత ఈ నెల మేము మొదటి ప్రశ్నను కొంత, రెండవ ప్రశ్నను మరికొంత ఎక్కువగా పరిశీలించదలచాము.

ముందుగా మన తెలుగు నేలకు బాగా తెలిసిన ఒక వృత్తిని తలచుకుందాం. దూదేకులవారు, నూర్‌బాషీయులు, పింజారీలు, లద్దాఫ్‌లు అని ప్రాంతాన్ని బట్టి పిలువబడే సోదరుల వంశవృత్తి దూది ఏకడం. ప్రభుత్వ జాబితాలో వీరు వెనుకబడిన తరగతుల బి వర్గంలో ఉన్నారు. భుజాన విల్లు వేసుకొని ఊరూరా తిరిగి, ఇంటి ముందర పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లు తీగతో ఏకి, మబ్బులా విచ్చుకున్న దూదిని తిరిగి నింపి కుట్టి ఇచ్చేవారు. ఆ తీగ మోత వింటే చలికాలం వస్తున్నదని మా చిన్నతనంలో ఇంట్లో ఆడవారు గుర్తించేవారు. ముందు కరెంటుతో నడిచే ఏకుడు యంత్రం వచ్చి విల్లును పక్కన పెట్టింది. ఆ తరువాత స్పాంజి పరుపు వచ్చి యంత్రాన్నీ పక్కన పెట్టింది. ఇప్పుడు పరుపు పాతబడితే ఎవరూ ఏకించరు, పారవేస్తారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఆ మనిషిని మన లెక్కలు 'నైపుణ్యం లేని కార్మికుడు' అని రాసుకుంటాయి. అతడు ఇప్పుడు కూలికి వెళుతున్నాడు గనుక కూలివాడని రాస్తాయి. కాని మందపాటి గుడ్డను కొలిచి కోయడం, దబ్బనంతో బిగువుగా కుట్టడం, ఎంత నింపితే ఎంత ఎత్తు వస్తుందో కంటితోనే అంచనా కట్టడం అతని చేతికి తెలుసు. ఆ చేతికి దగ్గరలో ఉన్న పనులు ఎన్నో ఉన్నాయి: సోఫాలు కట్టడం, వాహనాల సీట్లకు కవర్లు కుట్టడం, కిటికీ తెరలు తయారు చేయడం. ఆ మనిషిని మొదటినుంచీ మొదలుపెట్టమని అనవసరం లేదు, రెండడుగులు పక్కకు జరిపితే చాలు. పెద్దవారికి ఇచ్చే శిక్షణలో అసలు కిటుకు ఇదే అని మా అభిప్రాయం. పద్దెనిమిదేళ్ల కుర్రవానికి ఏ పనైనా నేర్పవచ్చు. నలభై అయిదేళ్ల మనిషికి మాత్రం అతని చేతిలో ఇదివరకే ఉన్నదాన్ని చూసి నేర్పాలి.

ప్రభుత్వం ఈ సంగతిని బొత్తిగా గుర్తించలేదని అనలేము. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం చేతివృత్తులవారి కోసమే వచ్చింది. అయిదేళ్లకు 13,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 18 వృత్తులను జాబితాలో చేర్చారు. వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, తాపీమేస్త్రి, దర్జీ, మంగలి, చాకలి, తాళాలు చేసేవారు, చెప్పులు కుట్టేవారు, వలలు అల్లేవారు, పడవలు చేసేవారు ఇలా సాగుతుంది ఆ జాబితా. మొదట అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, ఆ పైన కావాలన్నవారికి పదిహేను రోజులు లేదా అంతకు మించిన ఉన్నత శిక్షణ. శిక్షణలో ఉన్నన్ని రోజులూ రోజుకు 500 రూపాయల భృతి. పనిముట్ల కొనుగోలుకు 15,000 రూపాయల వరకు ఈ-వోచరు. దానితో పాటు చేతివృత్తివాడన్న ధ్రువపత్రం, గుర్తింపు కార్డు. కుటుంబంలో ఒకరికే అవకాశం. ప్రభుత్వోద్యోగి ఉన్న కుటుంబానికి లేదు. నమోదు ఊళ్లలోని సాధారణ సేవాకేంద్రాలలో ఆధార్ వేలిముద్రతో జరుగుతుంది. ఆ తరువాత గ్రామపంచాయతీ లేదా పురపాలక సంఘం, దానిపైన జిల్లా కమిటీ, దానిపైన మరో కమిటీ పరిశీలిస్తాయి.

ఆ 18 వృత్తులలో దూది ఏకడం లేదు. చెప్పులు కుట్టేవారికి, పూలదండలు కట్టేవారికి, బొమ్మలు చేసేవారికి చోటు దొరికిన జాబితాలో పరుపులు కుట్టేవారికి ఎందుకు దొరకలేదో మాకు అర్థం కాదు. ఇక్కడే మధ్యవర్తులు ప్రవేశిస్తారు. "దర్జీ అని రాయించుకో, ఎవరు చూస్తారు, నాకు ఇంత ఇవ్వు" అంటారు. నిజంగా బట్టలు కూడా కుట్టుకుంటున్నవాడు దర్జీ అని రాయించుకోవడంలో తప్పేమీ లేదు. కుట్టు మిషను ముట్టనివాడు అలా రాయించుకుంటే అది అబద్ధం. ఆ అబద్ధం మీద వచ్చిన పనిముట్టుతో సంపాదించేది ఎలాంటిదో పాఠకులకు మేము వేరుగా చెప్పనవసరం లేదు. అదలా ఉంచి, నమోదుకు రుసుము ఏమీ లేదు. ఎవరైనా వందో రెండు వందలో అడిగితే అది సర్కారుకు చేరేది కాదని తెలుసుకోవాలి.

ఇక అప్పు సంగతి. ఈ పథకంలో శిక్షణ పొందినవారికి పూచీకత్తు లేకుండా మొదట లక్ష రూపాయలు, అది తీర్చిన తరువాత రెండు లక్షలు బ్యాంకు అప్పుగా ఇస్తుంది. వడ్డీ 5 శాతం, మిగిలిన 8 శాతం ప్రభుత్వం భరిస్తుంది. ఎంత తక్కువైనా వడ్డీ వడ్డీయే గనుక మన కుటుంబాలలో చాలామంది ఈ పథకం పేరు వినగానే "మనకు వద్దు" అని లేచిపోతున్నారు. దర్జీ పని చేసే ఒక తండ్రి ఇదే కారణంతో రెండేళ్లపాటు దరఖాస్తు చేయలేదని మాకు తెలిసింది. అతని భార్య పరదా చాటునుంచి "మౌల్వీ సాబ్, అప్పు లేకుండా మిషను మాత్రం ఇవ్వరా?" అని అడిగింది. ఆ తల్లి ప్రశ్నే సరియైన ప్రశ్న. ఇస్తారు. అప్పు ఐచ్ఛికం. శిక్షణ వేరు, భృతి వేరు, పనిముట్ల వోచరు వేరు, అప్పు వేరు. మొదటి మూడూ తీసుకొని నాలుగోది వదిలివేయవచ్చు. వదిలినందుకు మొదటివాటికి భంగం రాదు. వడ్డీ నుంచి తప్పుకోవాలన్న వారి పట్టుదలను మేము గౌరవిస్తాము. కాని ఆ పట్టుదల పేరుతో తమకు న్యాయంగా రావలసినదాన్ని కూడా వదులుకోవడం, అదీ అడిగి తెలుసుకోకుండా వదులుకోవడం, దీన్‌దారీ కింద లెక్కకు రాదు.

ఈ పథకంపై తమిళనాడు ప్రభుత్వం ఒక అభ్యంతరం తెలిపింది. కుటుంబ వృత్తి అన్న షరతు తీసివేయాలనీ, కనీస వయసును 18 నుంచి 35కు పెంచాలనీ 2024లో కేంద్రానికి రాసి, ఒప్పుకోనందున తానుగా వేరొక పథకం ప్రకటించుకున్నది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని చదువు మాన్పించి తండ్రి పనిలో కట్టిపడేస్తుందన్నది వారి భయం. రాజకీయం ఎలా ఉన్నా ఆ భయం ఊరికే పుట్టినది కాదు. మా వద్ద చదివే పిల్లల తండ్రులలో కూడా కొందరు పనిముట్ల వోచరు చూసి కొడుకును బడి మాన్పించాలని ఆలోచించారు. మా సలహా ఒక్కటే. తండ్రి పేరున తీసుకోండి, కొడుకును చదవనివ్వండి.

ఇప్పుడు ఆ రెండవ ప్రశ్నకు వద్దాం. పొయ్యి ఎట్లా వెలుగుతుంది?

రోజుకు 500 రూపాయల భృతి అంటే కాగితం మీద బాగానే ఉన్నది. ఆరు రోజుల ప్రాథమిక శిక్షణకు 3,000 రూపాయలు. తాపీమేస్త్రి ఒక్కరోజు కూలి చాలా పట్టణాలలో ఆ 500కు మించి ఉంటుంది. పైగా ఆ భృతి ఏ రోజుది ఆ రోజు సాయంత్రం చేతికి రాదు, తరువాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. పాలవాడు, కిరాణా దుకాణంవాడు, ఇంటి యజమాని అంతవరకు ఆగుతారా? దినకూలి మీద బతికే ఇంటిలో ఆరు రోజుల నష్టం ఆరు రోజులతో పోదు. ఆ వారం చేసిన బాకీ రెండు నెలలు వెంటాడుతుంది. మిగిలిన పథకాలలో చాలావాటికి ఈ మాత్రం భృతి కూడా లేదు. శిక్షణ ఉచితం అని రాస్తారు. శిక్షణకు వచ్చినవాడు పోగొట్టుకునే కూలిని మాత్రం ఎవరూ లెక్కలో వేయరు. కేంద్రాలలో మొదటి వారం నలభైమంది ఉండి మూడో వారానికి పాతికమంది మిగిలితే "మనవాళ్లకు శ్రద్ధ లేదు" అని నిర్వాహకులు అంటూ ఉంటారు. శ్రద్ధ లేక వెళ్లిపోయినవారు కొందరు ఉంటారు, కాదనము. బియ్యం లేక వెళ్లిపోయినవారిని కూడా వారితో కలిపి లెక్కపెట్టడం అన్యాయం.

హజ్రత్ అనస్ (రజి) ద్వారా అబూదావూద్, ఇబ్నెమాజా గ్రంథాలలోకి వచ్చిన ఒక ఉదంతాన్ని మన జుమా ప్రసంగాలలో తరచుగా వింటుంటాము. అన్సారులలో ఒక పేదవాడు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి సహాయం అర్థించాడు. ఇంట్లో ఏమున్నదని ప్రవక్త (స) అడిగారు. కొంత పరచుకొని కొంత కప్పుకొనే ఒక గుడ్డ, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నవని చెప్పాడు. వాటిని తెప్పించి, సహాబాల ముందు వేలం వేసి, రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హమ్‌తో తిండిగింజలు కొని ఇంటివారికి ఇవ్వమన్నారు, రెండవదానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. తెచ్చిన గొడ్డలికి స్వయంగా తమ చేతులతో పిడి బిగించారు. కట్టెలు కొట్టి అమ్ముకోమనీ, పదిహేను రోజుల వరకు తనకు కనబడవద్దనీ చెప్పి పంపారు. అతడు పది దిర్హములు సంపాదించుకొని తిరిగి వచ్చాడు. ఈ ఉదంతపు సనదు విషయంలో ముహద్దిసుల మధ్య చర్చ ఉన్నది. వేలం భాగం వరకు ఉన్న రివాయతును ఇమామ్ తిర్మిజీ హసన్ అన్నారు. ఆ చర్చ విద్యార్థులకు అవసరమైనది గనుక ఇక్కడ సూచించి వదిలేస్తున్నాము.

ఈ ఉదంతాన్ని ప్రసంగాలలో యాచనకు వ్యతిరేకంగా చెప్పి ముగిస్తారు. అది సరియైనదే. కాని అందులోని వరుసక్రమాన్ని గమనించినవారు తక్కువ. మొదటి దిర్హమ్ గొడ్డలికి పోలేదు, తిండికి పోయింది. అదీ అతని తిండికి కాదు, ఇంటివారి తిండికి. ఇంట్లో గింజలున్నాయన్న నిశ్చింతతో అతడు అడవికి వెళ్లాడు. పదిహేను రోజుల గడువు పెట్టడం, ఆ తరువాత వచ్చి కనబడమనడం కూడా అందులో ఉన్నది. పంపించి మరచిపోవడం జరగలేదు. ఈనాటి మన పథకాలలో గొడ్డలి ఉన్నది. ఒక్కోసారి మంచి గొడ్డలే ఉన్నది. మొదటి దిర్హమ్ మాత్రం చాలాచోట్ల కనిపించదు.

ప్రభుత్వ పథకాలలో ఆ మొదటి దిర్హమ్‌ను గుర్తుంచుకున్నది మాకు తెలిసినంతలో ఒకటున్నది. 2019 డిసెంబరులో ఉపాధి హామీ కూలీల కోసం 'ఉన్నతి' అనే కార్యక్రమం తెచ్చారు. వంద రోజుల పని పూర్తి చేసిన కుటుంబంలో 18 నుంచి 45 ఏళ్ల వయసున్న ఒకరికి శిక్షణ ఇస్తూ, శిక్షణలో ఉన్న రోజులకు, గరిష్ఠంగా వంద రోజుల వరకు, ఉపాధి హామీ కూలికి సమానమైన భృతి చెల్లించాలన్నది దాని ఏర్పాటు. కూలివాడు పోగొట్టుకునే కూలిని లెక్కలో వేసుకున్న పద్ధతి అది. దేశం మొత్తం మీద రెండు లక్షల కుటుంబాలే లక్ష్యం గనుక ఎక్కువమందికి దాని పేరు కూడా తెలియదు.

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు మరికొంత నయం. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల సంస్థ, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి మొదలుపెట్టిన ఒక శిక్షణ కేంద్రాన్ని చూసి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ జిల్లాకొకటి చొప్పున వీటిని పెట్టించింది. ఆ జిల్లా లీడ్ బ్యాంకు వీటిని నడుపుతుంది. మన రెండు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. శిక్షణ ఉచితం, భోజనం వసతి ఉచితం. సెల్‌ఫోన్ బాగుచేయడం, ఇంటి వైరింగు, ఎ.సి. ఫ్రిజ్ మరమ్మతు, కుట్టుపని, పాడి పశువుల పెంపకం, కోళ్ల పెంపకం వంటివి పది రోజులనుంచి ఒకటిన్నర నెల వరకు నేర్పుతారు. అన్నిటికంటె మాకు నచ్చినది శిక్షణ ముగిసిన తరువాత రెండేళ్లపాటు వారి యోగక్షేమాలు విచారించాలన్న నియమం. ప్రభుత్వ లెక్కల ప్రకారం ఇక్కడ నేర్చుకున్నవారిలో సుమారు 70 శాతం మంది ఏదో ఒక పనిలో కుదురుకుంటున్నారు. లెక్కలను కొంత తగ్గించి చూసుకున్నా ఇది మంచి ఫలితమే. అయితే ఇక్కడ కూడా నేర్చుకునేవాని కడుపు నిండుతుంది, ఇంటి వద్ద ఉన్నవారి సంగతి అలాగే మిగులుతుంది.

ఆ మిగిలిన భాగం మన వంతు అని మేము అనుకుంటున్నాము. ప్రతి రంజానులో మన ఊళ్లలో జకాత్ చేతులు మారుతుంది. అందులో ఎంత భాగం ఒక మనిషిని మరుసటి ఏడు జకాత్ అడగనవసరం లేకుండా చేయడానికి వినియోగమవుతున్నదో మసీదు కమిటీలు తమలో తాము ప్రశ్నించుకోవాలి. ఇమామ్ నవవీ (రహ్మ) పేదవాడైన వృత్తిదారునికి అతని వృత్తి పనిముట్లు కొనుక్కోవడానికి సరిపడినంత, అది తక్కువైనా ఎక్కువైనా, జకాత్ నుంచి ఇవ్వవచ్చునని షాఫయీ ఫిఖహ్‌లో వివరించారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ అర్హుని యాజమాన్యంలోకి పోవాలి. అందువల్ల జకాత్ సొమ్ముతో గది అద్దె, బోధకుని జీతం చెల్లించకూడదు. కాని అర్హుడైన పేదవాడు శిక్షణకు వెళ్లే నెలలో అతని కుటుంబానికి నెల సరుకులు లేదా నగదు చేతికిచ్చి వారి సొంతం చేయడానికి అడ్డేమీ లేదు. వివరాలు మీ ఊరి ముఫ్తీ గారినడిగి తెలుసుకోండి. ఒక ఇంటికి నెల సరుకులంటే ఎంత? ఒక వలీమాలో మిగిలిపోయిన బిర్యానీ ఖరీదు కంటె తక్కువే ఉంటుంది.

మా మదరసా పక్కనున్న మసీదు కమిటీవారు ఈ ఏడాది ఇద్దరికి ఇలా చేసి చూశారు. ఒకరు పరుపులు కుట్టే సోదరుడు. అతడు ఏ పథకానికీ సరిపడలేదు గనుక పట్టణంలోని ఒక సోఫాల దుకాణంలో నెలన్నర పని నేర్చుకోవడానికి కుదిర్చి, ఇంటికి సరుకులు పంపారు. ఇప్పుడు అదే దుకాణంలో రోజుకూలి మీద చేస్తున్నాడు. పనిముట్లు సమకూరితే ఇంటి వద్దనే పాత సోఫాలు బాగుచేస్తానంటున్నాడు. రెండవవాడు బ్యాంకువారి శిక్షణ సంస్థలో ఇంటి వైరింగు నేర్చుకోవడానికి వెళ్లి పదో రోజున తిరిగి వచ్చాడు. సరుకులు అందాయి, భోజనం వసతి బాగున్నాయి. కాని తరగతిలో అందరూ ఇరవై రెండేళ్లవారు, తాను నలభై ఒకటి. పుస్తకంలో బొమ్మ చూసి గీయమంటే చేయి వణికిందట, పిల్లలు నవ్వారట. దీనికి ఏ నిధిలోనూ మందు లేదు. పెద్దవారికి వేరు తరగతి పెట్టాలి, బోర్డు మీద తక్కువగానూ చేతిలో ఎక్కువగానూ నేర్పాలి. ఆ మాట మేము ఆ సంస్థవారికి లేఖ రాశాము. జవాబు రావలసి ఉంది.

ఉద్యోగంలో చేర్పించే పథకాలు మరొక తరహావి. 2014 సెప్టెంబరులో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన పల్లెటూరి పేద యువకుల కోసం. వయసు 15 నుంచి 35, స్త్రీలకు 45 వరకు. కనీసం మూడు నెలల శిక్షణ, చాలాచోట్ల హాస్టలు వసతి. మైనారిటీలకు 15 శాతం కేటాయించాలని నియమం. శిక్షణ పొందిన వందమందిలో కనీసం డెబ్బయిమందిని ఉద్యోగంలో చేర్చాలని కూడా నియమం. ఆ ఉద్యోగాలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, చెన్నై చుట్టుపక్కల కర్మాగారాలలోనో ఉంటాయి. జీతంలో సగం గది అద్దెకు, తిండికి పోతుంది. నాలుగో నెలలో కుర్రవాడు ఇంటికి తిరిగి వస్తాడు. ఆ లెక్క 'ఉద్యోగం వచ్చినవారి' పట్టికలోనే ఉంటుంది. ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులు మొదటినుంచీ పంపరు. వారి సందేహాలను తేలికగా కొట్టిపారేసేవారితో మేము ఏకీభవించము. హాస్టలు ఎక్కడ, వార్డెను ఎవరు, రాత్రి షిఫ్టు ఉన్నదా అని అడగడం తండ్రి బాధ్యత. అడిగి, వెళ్లి చూసి, బాగుంటే పంపడం కూడా తండ్రి బాధ్యతే. అడగకుండానే వద్దనడం మన ఇళ్లలో ఎక్కువగా జరుగుతున్నది.

ఇక 2015 జూలైలో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన అన్నిటికంటె పెద్దది. కోటికి పైగా మంది దాని కింద శిక్షణో పరీక్షో పొందారు. మొదటి మూడు దశలలో స్వల్పకాల శిక్షణ పూర్తిచేసి ధ్రువపత్రం పొందినవారిలో ఉద్యోగం వచ్చినవారు సగానికి తక్కువేనని పార్లమెంటుకు ఇచ్చిన లెక్కలే చెబుతున్నాయి. నాలుగో దశకు వచ్చేసరికి ఉద్యోగాలను లెక్కించడమే మానివేశారు. శిక్షణార్థి తనకిష్టమైన మార్గం ఎంచుకుంటాడు గనుక లెక్క అక్కరలేదన్నది కారణం. పరీక్ష పెట్టి ఫలితాలు ప్రకటించని బడిని ఏ తండ్రీ నమ్మడు. అయితే ఈ పథకంలో పెద్దవారికి పనికివచ్చే ఒక తలుపు ఉన్నది. ఇదివరకే పని తెలిసినవాడిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి అది. గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన మన జగిత్యాల, నిజామాబాదు, కడప సోదరులలో పదేళ్లు ఎ.సి. పని చేసినవారున్నారు, క్రేను నడిపినవారున్నారు. వారి చేతిలో పని ఉన్నది, కాగితం లేదు. వారు మూడు నెలల తరగతిలో కూర్చోనవసరం లేదు, ఆ కాగితం సంపాదించుకుంటే చాలు.

మా సొంత ఇంటి సంగతి కూడా కొంత చెప్పాలి. మదరసాలో ఎనిమిదేళ్లు చదివి ఆలిమ్ పట్టా పుచ్చుకున్న యువకుడు శిక్షణ కేంద్రానికి వెళితే "పదో తరగతి మెమో ఏది?" అని అడుగుతారు. అరబీ వ్యాకరణాన్ని ఔపోసన పట్టినవాడు అక్కడ చదువురానివాని కింద లెక్క. సచార్ కమిటీ 2006 నాటి నివేదికలో ఐ.టి.ఐ.ల వంటి శిక్షణలకు అర్హతను ఎనిమిదో తరగతికి తగ్గించాలనీ, మదరసా చదువులవారికి కూడా అవకాశం ఇవ్వాలనీ సూచించింది. 2015లో వచ్చిన 'నయీ మంజిల్' పథకం ఈ లోటు తీర్చడానికే పుట్టింది. 17 నుంచి 35 ఏళ్ల వయసున్న బడి మానినవారికి, మదరసాలవారికి ఓపెన్ స్కూలు ద్వారా ఎనిమిది లేదా పది చదివిస్తూ, దానితోనే ఒక పని నేర్పేది. ఆ పథకం తరువాత ఆగిపోయి, మరి నాలుగింటితో కలిసి 'పి.ఎం. వికాస్' అన్న పేరులో కలిసిపోయింది. పేర్లు మారుతుంటాయి, ఓపెన్ స్కూలు మాత్రం ఉన్నది. 14 ఏళ్లు నిండినవారెవరైనా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. మదరసా నిర్వాహకులకు మా మనవి ఏమంటే, హిఫ్జ్ పూర్తిచేసిన ప్రతి పిల్లవాని చేత అది రాయించండి. దీనివల్ల దీనీ చదువు పలుచబడుతుందని భయపడేవారిని మేము ఎరుగుదుము. ముప్పై ఏళ్లుగా బోధిస్తున్నాము, పలుచబడడం చూడలేదు.

స్త్రీల శిక్షణ అనగానే అందరికీ తోచేది కుట్టుమిషనే. ప్రభుత్వానికీ అదే, మన ధార్మిక సంస్థలకూ అదే. హైదరాబాదు పాతబస్తీలో ఒకే గల్లీలో ఆరుగురికి కుట్టుమిషన్లుంటే ఏడో ఆమెకు ఎవరు బట్టలిస్తారు? రెడీమేడ్ దుకాణం మొదటి ఆమెకే గిరాకీ తగ్గించింది. 1978లో జంటనగరాల నిరుద్యోగుల కోసం ఏర్పడిన సెట్విన్ సంస్థ, చిన్న బస్సులతో ఊరంతా పేరు తెచ్చుకున్న ఆ సంస్థే, కంప్యూటరు, ఎలక్ట్రీషియను, అందచందాల పని మొదలైనవెన్నో తక్కువ రుసుముతో నేర్పుతూ వచ్చింది. ఆడపిల్లలను చేర్చేముందు ఆ ప్రాంతంలో ఎన్ని ఆసుపత్రులున్నాయి, మందుల దుకాణాలు, లెక్కలు రాసేవారు కావలసిన వ్యాపారాలు ఎన్ని ఉన్నాయి అని ఒకసారి తిరిగి చూడండి. రోగులకు సేవచేసే పనికి, ముఖ్యంగా స్త్రీ రోగులకు, మన ఆడపిల్లల అవసరం ఎంత ఉన్నదో ఏ ఆసుపత్రికి వెళ్లినా తెలుస్తుంది.

కేంద్రంలో చేరేముందు ఒక్క పని తప్పక చేయండి. పోయిన ఏడు అక్కడ నేర్చుకున్న ఇద్దరి ఫోను నంబర్లు అడగండి. ఇవ్వగలిగితే వారితో మాట్లాడి చేరండి. ఇవ్వలేకపోతే గోడమీది ఫోటోలు ఎన్ని ఉన్నా నమ్మకండి. ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం నకళ్లు చాలు. అసలు ధ్రువపత్రాలు ఎవరి వద్దా ఉంచి రాకండి, కొన్ని చోట్ల మధ్యలో మానకుండా ఉండటానికని వాటిని దాచుకుంటున్నారని మాకు ఫిర్యాదులు వచ్చాయి.

నలభై దాటిన తరువాత కొత్త పని నేర్చుకొని కుదురుకున్న సోదరులు, సోదరీమణులు మన పాఠకులలో ఉంటే, శిక్షణ ఎక్కడ పొందారు, ఆ రోజులలో ఇల్లు ఎలా గడిచింది అన్నది మాకు రాసి పంపండి. ముఖ్యంగా రెండవదాన్ని వివరంగా రాయండి. మసీదు కమిటీలవారు తమ ఊళ్లో ఒక కుటుంబానికి ఒక నెల సరుకులు ఎంతలో సమకూరాయో ఆ లెక్క పంపితే, వచ్చే నెల దానిని ఇక్కడే ప్రచురిస్తాము.